మా యింటి పాత రౌటరు

పదియేండ్లుగా మా యింటి గూటిలో నున్న వైఫై రౌటరునకు దానిని చేసినవారు రక్షణ సవరణలు పంపుట మానివేసిరి. బ్యాంకు లెక్కలన్నియు దాని గుండనే పోవుచుండగా, గడియ లేని తలుపు నెట్లు నమ్ముదుము? పారవేయుదమన్న, పెట్టె చెడలేదు.

2003లో లింక్‌సిస్ వారు తమ రౌటరులో లైనక్సు వాడినందున, పలువురు పట్టుపట్టగా, జీపీఎల్ షరతు ననుసరించి దాని సోర్సుకోడు వెల్లడింపవలసి వచ్చెను. అందుండి 2004లో మొదలైనదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ యను ఉచిత ఫర్మువేరు. అనగా పెట్టెను లోపలినుండి నడపు ప్రోగ్రాము. దాని నెక్కింప నిశ్చయించితిమి.

అడుగున నంటించిన చీటీపై మోడలు పేరే గాక వెర్షను సంఖ్యను గూడ చూడవలెను. ఒకే పేరుతో లోపల వేరు చిప్పులుండును. (మేము మొదట తప్పుడు ఫైలునే దించుకొంటిమి!) నడుమ కరెంటు పోయినచో పెట్టె మొద్దుబారునని యెరిగి, ఇన్వర్టరునకు తగిలించి, తంతితో ల్యాపుటాపునకు కలిపి, ఆ నాలుగైదు నిమిషములు ఊపిరి బిగబట్టితిమి.

దీపములు వెలిగెను గాని వైఫై కనబడలేదు. చేజేతుల చంపుకొంటిమని విచారించితిమి. తీరా చూడ, ఈ ఫర్మువేరు మొదట వైఫైని మూసియే యుంచునట! తంతి మీదనే 192.168.1.1 తెరచి, సంకేతపదము పెట్టి, పిమ్మట వైఫైని తెరచితిమి. వేగమేమియు పెరుగలేదు, సవరణలు మాత్రము మరల లభించుచున్నవి.

మా అత్తగారు చూచి, "దీపము లవే గదా, ఏమి మారినది?" అనిరి.