ఎవరి యభిప్రాయము?

ప్రజాభిప్రాయము వానవలె తనంత కురియునది కాదు. ఏతము వేసి తోడిన నీరువంటిది. తోడువారెవరో మనము తరచుగా చూడము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. త్రాగుబోతు భర్తల దెబ్బలు వారికి క్రొత్త కావు. అక్షరాస్యతా వాచకములోని సీతమ్మ కథ చదివినపుడు, ఇంటింటి దుఃఖము ఊరి దుఃఖమయినది. పత్రికలు దానిని దినదినము ప్రకటింపగా ఊరి కోపము రాష్ట్రపు కోపమయినది. 1993 అక్టోబరులో సారాయు, 1995లో సకల మద్యమును నిషిద్ధములయినవి.

ఆ వార్తలు చదివి మేమును కంటతడి పెట్టితిమి. ఆ యావేశమునే మా యభిప్రాయ మనుకొంటిమి. 1997లో బొక్కసమునకు నష్టమని చెప్పి నిషేధమును సడలించిరి. ఆ లెక్కలు చదివి, "నిజమే కదా" యని తల యూచినదియు మేమే. మా యింట అంట్లు తోము నామె మగడు మరల త్రాగి వచ్చుచుండెను. ఆమె నొక్కమాటయైన నడుగనైతిమి.

కన్నీరు అబద్ధము కాదు, లెక్కలును కావు. రెండును ఒకరు చూపగా మేము చూచినవి. చదువరులారా! అభిప్రాయము చెప్పుటకు ముందు, దాని ఫలమనుభవించువారిని మన వాకిటనే యడుగవచ్చును గదా!