రాయి వెళ్ళిపోయిన సింహాసనం

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేకి వెళ్ళినవాళ్ళలో చాలామంది ముందు పైకప్పు చూస్తారు. నేను మాత్రం పడమటి గుమ్మం పక్కనున్న చిన్న మందిరం దగ్గరే ఆగిపోయాను. అందులో ఓ పాత ఓక్ కుర్చీ ఉంది. ఇంగ్లండు రాజులకి పట్టాభిషేకం జరిగేది ఆ కుర్చీలోనే. స్కాట్లండు నుంచి 1296లో ఎత్తుకొచ్చిన రాయిని ఉంచడానికి మొదటి ఎడ్వర్డ్ దాన్ని చేయించాడు. అప్పట్లో దానికి బంగారు పూత ఉండేది. ఇప్పుడు ఆ పూత చాలావరకు పోయి, చెక్క మీద గీతలే గీతలు కనిపిస్తాయి. పక్కనున్న బడి పిల్లలు, చూడ్డానికి వచ్చినవాళ్ళు 18, 19 శతాబ్దాల్లో చాకులతో తమ పేర్లు చెక్కేశారు. 1800 జూలైలో ఓ రాత్రి ఇందులోనే పడుకున్నానని ఒకాయన చెక్కి మరీ పోయాడు. సీటు కింద రాయి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. 1996లో ఆ రాయిని స్కాట్లండుకి తిరిగి ఇచ్చేశారు. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకానికి తెచ్చి, అది కాగానే మళ్ళీ పంపేశారు.

ఆ గీతల్ని చెరిపేసి కొత్త పూత వేయకపోవడం నాకెంతో నచ్చింది. ఈ గుడి చరిత్రంతా అలాగే, మాసికలు బయటికి కనిపిస్తూనే ఉంటాయి.

ఇక్కడ పాత మఠం పక్కన పెద్ద చర్చి కట్టించింది ఎడ్వర్డ్ ద కన్ఫెసర్. 1065 డిసెంబర్ 28న దాని ప్రతిష్ఠ జరిగితే, కొద్ది రోజులకే రాజు పోయాడు. మరుసటి ఏడు క్రిస్మస్ నాడు నార్మండీ విలియంకి ఇక్కడే కిరీటం పెట్టారు. లోపల జనం జేజేలు కొడుతుంటే, బయటి కాపలా సైనికులు తిరుగుబాటనుకుని చుట్టుపక్కల ఇళ్ళు తగలబెట్టారట. అలా మొదలైన వరసలో చార్లెస్ నలభయ్యో రాజు.

ఇప్పుడు మనం చూసే కట్టడం మాత్రం మూడో హెన్రీది. 1245లో పాతది పడగొట్టించి మొదలుపెట్టాడు. ఎడ్వర్డ్ ద కన్ఫెసర్ సమాధికి తానే ఇచ్చిన నగల్ని కూడా ఒక దశలో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ఆయన పోయాక పని ఆగిపోయి, వందేళ్ళకి పైగా కొత్త సగం, పాత సగం అతుక్కుని ఉన్నాయి. పడమటి గోపురాలు పూర్తయ్యేసరికి 1745 వచ్చింది. ప్రధాన పీఠం ముందున్న రంగురాళ్ళ నేల 1268లో ఇటలీ పనివాళ్ళు పరిచింది. ఊదారంగు, ఆకుపచ్చ రాళ్ళ ముక్కలు, గాజు ముక్కలు వలయాల్లో వలయాలుగా అల్లుకుపోయి ఉంటే, కాళ్ళకి అడుగు వేయబుద్ధి కాదు.

ఎనిమిదో హెన్రీ 1540లో మఠాన్ని మూసేశాడు. అతని కూతురు మొదటి ఎలిజబెత్ 1560లో దీన్ని నేరుగా రాజు అధీనంలోకి తెచ్చింది. ఏ బిషప్పుకీ దీని మీద అధికారం లేదు, నేటికీ అంతే. ఆమె సమాధి తూర్పున, ఏడో హెన్రీ కట్టించిన మందిరం పక్క నడవలో ఉంది. ఆ మందిరం పైకప్పు వరసగా విప్పిన రాతి విసనకర్రల్లా ఉంటుంది. పాలరాతి బొమ్మ ఎలిజబెత్ ఒక్కదానిదే. దాని కిందే, ఆమెను ఒకప్పుడు జైల్లో పెట్టించిన అక్క మేరీ శవపేటిక ఉంది. ఎదురు నడవలో స్కాట్లండు రాణి మేరీ. 1587లో ఆమె తల నరికించింది ఎలిజబెత్తే. ఆ మేరీ కొడుకు జేమ్స్ ఇంగ్లండుకి రాజై, 1612లో తల్లిని ఇక్కడికి తెప్పించి మరింత ఘనంగా సమాధి కట్టించాడు. బతికుండగా ఒకరినొకరు ఓర్చుకోలేని మనుషులు, ఒకే కప్పు కింద.

గుడి నిండా ఇన్ని సమాధులున్నా నేల మీద ఒక్కదాన్ని మాత్రం ఎవరూ తొక్కరు. 1920 నవంబర్ 11న పూడ్చిన పేరు తెలియని సైనికుడిది అది. రాజు ఊరేగింపు కూడా పక్కకి తప్పుకుని పోవాలి. పైన పరిచింది బెల్జియం నల్లరాయి. అక్షరాలు మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన తూటాల ఇత్తడి కరిగించి పోసినవి.

న్యూటన్, డార్విన్ ఉన్న ఈ గుడిలోనే ఆండ్రూ బెల్ అనే ఆయన కూడా ఉన్నాడు. 1832లో పోయాడు. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి నడిపాడు. దగ్గర్లోని ఓ నాటు బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ పెట్టించాడు. అక్కడి ఉపాధ్యాయులు కుదరదంటే, కాస్త చదువొచ్చిన పిల్లాడి చేతే చిన్నవాళ్ళకి చెప్పించాడు. మన వీధిబడుల్లో ఇసుకలో ఓనమాలు దిద్దినవాళ్ళకీ, పెద్దపిల్లల చేత పాఠం చెప్పించుకున్నవాళ్ళకీ ఇందులో కొత్తేముంది? దాన్నే 1797లో ఆయన పుస్తకంగా అచ్చేస్తే, మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండు బీదపిల్లల బళ్ళలోకి పాకింది. ఆయనకి రాజుల పక్కన చోటు దక్కింది. అనామక సైనికుడికి అంత గౌరవమిచ్చిన ఈ గుడిలో, ఆ పద్ధతిని ముందునుంచీ నడిపిన మన వీధిబడి పంతుళ్ళ గురించి కూడా ఒక్క వాక్యం చెక్కించి ఉండాల్సింది.