పిట్టను చూస్తున్నానండీ!

పొద్దున్నే ఆరున్నర గంటలకు మీ ఇంటి ఎదుట ఒక పెద్దమనిషి దుర్భిణీ కళ్ళకు ఆనించుకుని, మీ మేడ వైపే చూస్తూ కదలకుండా నిలబడ్డాడనుకోండి. మీరేం చేస్తారు? కాఫీ గ్లాసు కింద పెట్టి, లుంగీ ఎగగట్టి వీధిలోకి వస్తారు. రావలసిందే. ఆ పెద్దమనిషిని నేనే గనక, మీరు వచ్చాక ఏం జరుగుతుందో నాకు అనుభవపూర్వకంగా తెలుసు.

నేను రాజమండ్రిలో తెలుగు లెక్చరర్ని. వయస్సు నలభై ఆరు. ఇరవై ఏళ్ళుగా ప్రబంధాలు పాఠం చెబుతున్నాను. చకోరాలు వెన్నెల తాగుతాయనీ, చాతకం వానచినుకు తప్ప మరొకటి ముట్టదనీ, చక్రవాక దంపతులు రాత్రంతా ఎడబాసి విలపిస్తాయనీ ఎంతమంది పిల్లల చేత పరీక్షల్లో రాయించానో లెక్క లేదు. మూడేళ్ళ క్రితం క్లాసులో ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, చాతకాన్ని మీరెప్పుడైనా చూశారా? ఎలా వుంటుందండీ?" అని అడిగాడు.

"అది కవిసమయం. కూర్చో" అన్నాను.

వాడు కూర్చున్నాడు గాని, నాకు మటుకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

తీరా చూస్తే చాతకం నిజంగా వున్న పిట్టేనండీ. కోకిల జాతిది. నలుపూ తెలుపూ ఒళ్ళు, నెత్తిన నిక్కబొడుచుకున్న జుట్టు. వానాకాలం ముందు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి మన ఉత్తరాదికి వస్తుంది. అది వచ్చిన కొద్ది రోజులకే వాన వస్తుంటే, వాన కోసమే నోరు తెరుచుకుని కూర్చుందని పూర్వులు అనుకోవడంలో వింతేముంది? చక్రవాకమూ అంతే. శీతాకాలంలో మన నదులకూ చెరువులకూ వలస వచ్చే కాషాయం రంగు బాతు. ఈ సంగతులన్నీ సలీం అలీ గారి పుస్తకంలో బొమ్మలతో సహా వున్నాయి. 1941లో మొదటిసారి అచ్చయిన పుస్తకం అది. మా లైబ్రరీలో దుమ్ము కొట్టుకుని వుంటే తీశాను. ఆ పైన నెల జీతంలో మిగిల్చి దుర్భిణీ కొన్నాను. దాని మీద 8×42 అని వుంటుంది. అంటే దూరాన వున్నది ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందనీ, ముందటి అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లనీ అర్థం.

"ఈ డబ్బుతో కిటికీలకు తెరలు వచ్చేవి" అంది మా ఆవిడ. ఆ మాటలోని పస నాకు తరవాత గాని తెలియలేదు.

చకోరాన్ని చూడాలంటే హిమాలయాలకు పోవాలి. లెక్చరర్ ఉద్యోగానికి ఆదివారం తప్ప సెలవెక్కడిది? అంచేత మా కాలనీయే నాకు హిమాలయమైంది. వెతికితే మా నాలుగు వీధుల్లోనే ఎన్ని పిట్టలు! గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, గోడల మీద నడిచే జెముడుకాకి, మురుగుకాలవ మీది తీగె పైన ధ్యానం చేసే లకుముకి పిట్ట. ఇరవై ఏళ్ళు అదే వీధుల వెంట కాలేజీకి నడిచి వెళ్ళిన నేను వీటిలో ఒక్కదాన్నీ చూడలేదంటే, నన్ను ఏమనాలో మీరే చెప్పండి.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా పెరటి పిట్టల లెక్క ఒకటి జరుగుతుంది. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. చేయవలసిందల్లా ఒకచోట కనీసం 15 నిమిషాలు చూసి, ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో రాసి పంపడమే. క్రితం ఏడు ఆ లెక్క కోసమే నేను మా మూడో వీధిలో ఒక ఇంటి ఎదుట నిలబడ్డాను. ఆ ఇంటి మునగచెట్టు ఎండుకొమ్మకు గుండ్రటి తొర్ర ఒకటి వుంది. కంసాలిపిట్ట తొలుచుకున్నది. పిచ్చుక కంటె కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుట ఎర్రని బొట్టు. కంసాలి సుత్తితో కొట్టినట్టు "టుక్, టుక్, టుక్" మంటుంది గనక ఆ పేరు. అది తొర్రలోంచి తల ఎప్పుడు బయట పెడుతుందా అని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆ కొమ్మకు సరిగ్గా వెనక మేడ మీద కిటికీ వున్న సంగతి, నిజం చెబుతున్నాను, నా దృష్టిలోనే లేదు.

"ఎవరండీ మీరు? ఎటు చూస్తున్నారు?" అంటూ ఇంటాయన గేటు తీసుకుని వచ్చాడు.

నేను దుర్భిణీ దించకుండానే, నెమ్మదిగా, "పిట్టను చూస్తున్నానండీ" అన్నాను.

మన భాషలో ఆ మాటకు కుర్రకారు తగిలించిన మరొక అర్థం ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఎం.ఏ. చదివి ఏం లాభం?

"ఏం పిట్టండీ? ఎవరింటి పిట్ట? తల నెరిసింది, సిగ్గు లేదూ?" అని ఆయన కేకలేశాడు. పాలవాడు సైకిలు ఆపాడు. ఎదురింటివాళ్ళు వచ్చారు. తొర్ర చూపిద్దామని నేను చెయ్యెత్తితే, ఆ చెయ్యి కూడా కిటికీ వైపే పోయింది. ఇంతలో గుంపులోంచి ఒక కుర్రాడు, "మా మాస్టారండీ! తెలుగు చెబుతారు" అన్నాడు, నన్ను కాపాడదామని.

"ప్రబంధాలు చెప్పి చెప్పి ఇలా తయారయ్యారన్నమాట" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆ కుర్రాడు తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం నేను మరిచిపోలేను.

సాయంత్రానికి కాలనీవాళ్ళ వాట్సాప్ గ్రూపులో, దుర్భిణీతో సహా నా ఫొటో ఎక్కింది. "ఈ మనిషితో జాగ్రత్త" అని కింద రాశారు. ఆ గ్రూపులో మా ఆవిడ కూడా వుంది.

నేను గదిలో పచార్లు చేస్తూ, "నేనేం తప్పు చేశాను? వీధి అందరిదీ కాదా? చదువుకున్నవాళ్ళకు ఆమాత్రం తెలియదా?" అని ఆవేశపడ్డాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"మీరు తప్పు చెయ్యలేదని నాకు తెలుసు. మీకు కొమ్మ కనబడింది, కిటికీ కనబడలేదు. కిటికీలో వున్నవాళ్ళకు మీరూ, మీ దుర్భిణీ కనబడతారు గాని, ఆ కొమ్మ మీది పిట్ట కనబడదు గదా!" అంది.

నా దగ్గర సమాధానం లేకపోయింది.

మర్నాడు ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్ళాం. మా ఆవిడను చూసి ఆయన కుర్చీలు వేయించాడు గాని, ముఖం మాత్రం ముడుచుకునే వుంది. నేను క్షమాపణ చెప్పి, బొమ్మల పుస్తకం తెరిచి, దుర్భిణీ ఆయన చేతికే ఇచ్చి తొర్ర చూపించాను. రెండు నిమిషాలు చూశాడు. మూడో నిమిషంలో "అరె!" అన్నాడు. ఆ తరవాత దుర్భిణీ నాకు తిరిగి రావడానికి పావుగంట పట్టింది.

అరుగు మీద కూర్చున్న వాళ్ళ బామ్మగారు కరెంటు తీగె మీది నల్లపిట్టను చూపించి, "ఇదేమిటో చెప్పు నాయనా" అన్నారు. చీలిన తోక, నిగనిగలాడే నలుపు. ఇంగ్లీషు పేరు చెప్పాను. ఆవిడ నవ్వి, "తెలుగు మాస్టారివి, అదేం పేరయ్యా! అది పసుల పోలిగాడు. మా ఊళ్ళో గేదెల వీపు మీద ఎక్కి తిరిగేది" అన్నారు. మేసే పశువుల కాళ్ళ కింద లేచే పురుగుల కోసం అది వాటి వెంట తిరుగుతుందని నేను పుస్తకంలో చదివాను. ఆ పేరు మటుకు ఎరగను. నాకు పట్టా ఇచ్చినవాళ్ళు నేర్పని మాట ఆవిడ అరుగు మీద కూర్చుని నేర్పారు. గూటి దగ్గరకు వస్తే కాకినీ గద్దనూ కూడా తరిమికొడుతుంది గనక, హిందీవాళ్ళు దాన్ని కొత్వాలు అంటారు. ఇంటాయన వైపు చూసి ఆ సంగతి చెప్పాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కాని, బయలుదేరేటప్పుడు ఆ ఇల్లాలు మా ఆవిడను పక్కకు పిలిచి చెప్పిన మాట ఒకటి వుంది. అంతకు ముందు ఏడు వెనక వీధి డాబా మీది నుంచి ఎవడో సెల్‌ఫోనుతో వాళ్ళ అమ్మాయి ఫొటోలు తీశాడట. అప్పటి నుంచి ఆ పిల్ల కిటికీ మూసుకునే చదువుకుంటోంది. గాలి ఆడక తలనొప్పి వస్తోందని బతిమాలగా, బతిమాలగా, ఆ ఆదివారం పొద్దున్నే తెరిచిందట. తెరవగానే కనబడింది నేను.

దారిలో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఆ ఇంటాయన గ్రూపులో నా ఫొటో తీయించి, నా గురించి మంచిగా నాలుగు ముక్కలు రాశాడు. ఎప్పుడైనా వచ్చి చూసుకోమని కబురు కూడా చేశాడు. నేను మాత్రం ఆ వీధికి దుర్భిణీతో మళ్ళీ వెళ్ళలేదు. ఆయన అనుమతి ఇచ్చాడు, నిజమే. ఆ పిల్ల ఇవ్వలేదు గదా. అడిగించడం కూడా న్యాయం కాదనిపించింది. ఇంటి పెద్ద పిలిచిన మనిషిని వద్దనడం ఏ ఆడపిల్లకు సులభం?

ఇప్పుడు ఏ కొత్త వీధిలో నిలబడాలన్నా ముందు గేటు కొట్టి, ఫలానావాణ్ణని చెప్పుకుంటాను. మేడలున్న వైపు దుర్భిణీ ఎత్తను. పార్కులోనో, గోదావరి గట్టునో చూస్తాను. దగ్గరకు వచ్చిన పిల్లలకూ పెద్దలకూ ముందు వాళ్ళ చేతికిస్తాను. అనుమానించినవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ అనుమానం నా వల్ల పుట్టింది కాదు. నాకంటె ముందు ఎవడో నాటిపోయింది. దాన్ని పోగొట్టే పని మటుకు నా మీద పడింది. పడనీండి.

ఏప్రిల్‌లో ఒకనాడు బామ్మగారు కూరల బజారులో కనిపించి, "నాయనా, మీ కంసాలి పిల్లలు ఎగిరిపోయాయి. రెండు. మా మనవరాలు చూసింది" అన్నారు.

"ఎక్కణ్ణుంచి చూసిందండీ?" అన్నాను.

"ఎక్కణ్ణుంచి చూస్తుంది? కిటికీలోంచే!" అన్నారావిడ.

పిట్టల లెక్కలో మనం స్వయంగా చూసినవో, కూత విన్నవో మాత్రమే రాయాలి. అంచేత ఆ రెండు పిల్లలూ నా పుస్తకంలో లేవు. ఆ గీత ఖాళీగానే వుంచాను.