బార్డోలీ పక్క నుంచి పెదనందిపాడు దాకా

కడోదరా,
సూరత్ జిల్లా

ప్రియమైన మీకు,

మా దగ్గర చార్ రస్తాలో లారీల రద్దీ, డైయింగ్ మిల్లుల పొగ, సాంచెల (మరమగ్గాల) మోత మామూలే. కాలేజీలో ప్రాజెక్టు పేపర్లు దిద్దడం నిన్ననే ముగిసింది. అందులో ఒక పేపరు గురించి మీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

గుజరాత్‌లో కూర్చుని తెలుగు పుస్తకాలతో పని ఎలా నడుస్తోందని మీలో చాలామంది అడుగుతుంటారు కదా. బడి చదువు దాకా ఫరవాలేదు. సూరత్ కార్పొరేషన్ ఏడు భాషల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగూ ఉంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు అదొక అండ. చిక్కంతా ఆ పై చదువులోనే. వందేళ్ళ నాటి తెలుగు పత్రిక ఒకటి చూడాలంటే, నేనిక్కడికి వచ్చిన కొత్తలో, రైలెక్కి హైదరాబాదుకో వేటపాలెం గ్రంథాలయానికో వెళ్ళాల్సిందే. సాంచెల మీద పన్నెండు గంటల పాళీ (షిఫ్టు) చేసే ఇంట్లో పిల్లకు ఆ ప్రయాణం ఎవరు పెట్టిస్తారు?

ఈ పేపరు రాసింది అలాంటి ఇంటి అమ్మాయే. పుట్టింది ఇక్కడే, చదివింది గుజరాతీ మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం కూడబలుక్కునే. ఒకరోజు క్లాసులో 1922 ఫిబ్రవరి గురించి చెబుతున్నాను. మాకు అరగంట ప్రయాణంలో ఉన్న బార్డోలీలో గాంధీగారు శాసనోల్లంఘనకు సిద్ధమయ్యారు. అదే సమయంలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు అప్పటికే పన్నులు కట్టడం మానేశారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు, శాంతిసేన పేరుతో వలంటీర్లు ఊరూరా నిలబడ్డారు. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో హింస జరిగింది. వారం తిరిగేసరికి బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం కూర్చుని ఉద్యమాన్ని ఆపేసింది. ఇక్కడ మొదలవకముందే ఆగింది, అక్కడ మధ్యలో ఆగింది. బార్డోలీ తన పోరాటం మళ్ళీ 1928లో సర్దార్ పటేల్ వెంట నడిపి గెలిచింది. పెదనందిపాడుకు ఆ రెండో అవకాశం రాలేదు.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మేడమ్, బార్డోలీ గురించి ఇక్కడ అందరికీ తెలుసు. పెదనందిపాడు పేరు నేనెందుకు వినలేదు?" అంది. అదే నీ ప్రాజెక్టు అన్నాను.

మొదట అహ్మదాబాదు తలుపు తట్టాం. సబర్మతీ ఆశ్రమం వాళ్ళు 2013లో మొదలుపెట్టిన గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో గాంధీగారి రచనల సంపుటాలు నూరూ ఉన్నాయి, ఆయన నడిపిన పత్రికలూ ఉన్నాయి. ఇరవై రెండో సంపుటంలో గుంటూరు పన్నుల విషయమై ఆయన గుంటూరు కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్య గారికి రాసిన ఉత్తరం దొరికినప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాల్సింది! ఇంగ్లీషు సంపుటంతో నేను ఆగిపోయేదాన్ని. తను ఆగలేదు. గుజరాతీ 'నవజీవన్' సంచికలు తెరిచి, ఆ వారాల్లో గాంధీగారు తన సొంత గుజరాత్ వాళ్ళతో ఏ గొంతుతో మాట్లాడారో చదువుకుంటూ పోయింది. నాకు ఆ వేగం లేదు.

తెలుగు వైపు వచ్చేసరికి బండి నెమ్మదించింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికల్లో ఆంధ్రపత్రిక ఉంది, కృష్ణాపత్రిక ఉంది. (ఆంధ్రపత్రిక 1908లో పుట్టింది మాకు పొరుగున ఉన్న బొంబాయిలోనేనని చెబితే పిల్లలు నమ్మలేకపోయారు.) కానీ అవన్నీ పేజీల ఫొటోలు. ఒక మాట టైపు చేస్తే అది ఎక్కడుందో చూపించవు. తేదీ పట్టుకుని, సంచిక తెరిచి, కాలమ్ వెంట కాలమ్ చదవాలి. పైగా ఆనాటి అచ్చు, అరసున్నలు, బండి ఱలు, గ్రాంథికం. అమ్మాయి చేతులెత్తేసింది.

అప్పుడు వాళ్ళ నాన్న పూనుకున్నాడు. పగటి పాళీ దిగి, స్నానం చేసి, ఫోనులో పేజీని పెద్దది చేసుకుని బిగ్గరగా చదివేవాడట. కూతురు గుజరాతీ లిపిలో రాసుకునేది. మధ్యమధ్య నాకు ఫోను. "మేడమ్, గీ అచ్చరం ఏందో సమజ్ అయితలేదు" అని ఫొటో పంపేవాడు. ఇంకోసారి, "కరణాలు గూడ నౌకరీ ఇడిసిపెట్టిన్రా? మస్తు ధైర్యం గదా!" అని. నా ఉద్యోగంలో నాకు దొరికిన గొప్ప సంతోషాల్లో ఆ ఫోన్‌కాల్స్ ఉన్నాయి. గుంటూరులో ఉన్న విద్యార్థికి 'నవజీవన్' కొరుకుడు పడదు, అహ్మదాబాదులో ఉన్న విద్యార్థికి ఆంధ్రపత్రిక కొరుకుడు పడదు. రెండూ చదవగలిగిన ఇల్లు కడోదరాలో ఒక సాంచె కార్మికుడి గది. ఆ గదికి కాగితాలు చేర్చడమే డిజిటల్ లైబ్రరీ చేసిన పని. నాకు దానిమీద ఉన్న ప్రేమంతా అందుకే.

"ఇంత సులువుగా దొరికితే పిల్లలు ఎత్తి రాసేయరా?" అంటారు మీరు. నిజమే, రాస్తారు. అయితే మూలం మా ఇద్దరికీ ఒకేలా తెరుచుకుంటుంది కనుక నేనొక నియమం పెట్టాను. ఏ మాట చెప్పినా సంపుటం, పేజీ, తేదీ రాయాలి. వైవాలో ఆ పేజీని అందరి ముందూ గోడమీద వేస్తాను. ముందు నువ్వేం చదివావు, ఆ పై నువ్వేమన్నావు అని అడుగుతాను. చదవనివాళ్ళు అక్కడే దొరికిపోతారు. చదివినవాళ్ళకు ధైర్యం వస్తుంది. ఈ అమ్మాయి ఒక పాత థీసిస్‌లో ఉన్న తేదీ తప్పని ఆంధ్రపత్రిక చూపించి మరీ చెప్పింది. ఆ థీసిస్ దొరికింది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగలో. యూజీసీ 2009లో నియమం తెచ్చాక దేశమంతటి పీహెచ్‌డీలూ అక్కడికి చేరుతున్నాయి. ఒకప్పుడు యూనివర్సిటీ అల్మరాలో తాళం వేసి ఉండే పరిశోధనను డిగ్రీ పిల్ల సరిదిద్దగలగడం నాకు పండగే.

కొండా వెంకటప్పయ్య గారి స్వీయచరిత్ర కోసం మాత్రం చాలా వెతికాం. అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో ఉండాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల యజ్ఞంలో భాగమది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల ఏళ్ళ తరబడి పేజీలు తిప్పారు. అంత పని చేసి, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా కొట్టి వదిలేశారు. తెలుగులో వెతికితే రాదు, మనకు తోచిన స్పెల్లింగుతో వెతికినా రాదు. పేరు తప్పుపడిన పుస్తకం లేనట్టే లెక్క. తెలుగు వికీపీడియాలో కొందరు ఓపిగ్గా కూర్చుని ఆ పుస్తకాలకు తెలుగులో జాబితాలు కట్టారు. వాళ్ళకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. స్కాన్ చేయడానికి యంత్రం చాలు, పేరు సరిగ్గా రాయడానికి ఆ భాష చదివే మనిషి కావాలి. డబ్బు పెట్టేవాళ్ళు ఆ మనిషి జీతాన్ని ఎప్పుడూ మరిచిపోతారు.

ఇంకొక భయం కూడా మీతో చెప్పుకోవాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అసలు సైటు ఏనాడో మూతబడింది. అందులోని లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ముందే ఎక్కించారు కాబట్టి మనకు మిగిలాయి. 2024 అక్టోబరులో ఆ ఆర్కైవ్ మీదే సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు అదీ ఆగిపోయింది. అప్పటినుంచి మా పిల్లలకు గట్టిగా చెబుతున్నాను, కాపీరైటు తీరిన పుస్తకం దొరికితే దాచుకొమ్మని. రచయిత పోయిన అరవై ఏళ్ళకు తీరుతుంది కదా, వెంకటప్పయ్య గారు 1949లో పోయారు, కనుక ఆ పుస్తకానికి ఏ అడ్డూ లేదు.

కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పెట్టింది కదా, మీకిక లోటేమిటని కూడా అడుగుతారు. మూడేళ్ళకు 6,000 కోట్లు, 13,000 దాకా జర్నల్స్, మంచిదే. కెమిస్ట్రీ వాళ్ళకు వరం. మాకు ఆ జర్నల్స్‌లో పెదనందిపాడు రైతు కనిపించడు. ఆయన గుంటూరు వైపు ఏదో ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఉన్నాడు.

అందుకే మిమ్మల్నొకటి అడగాలి. మీలో ఆ వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు. తాతల నాటి రాజీనామా పత్రాలు, జప్తు నోటీసులు, ఉత్తరాలు, ఫొటోలు ఏమైనా ఉంటే ఒకసారి తీసి చూడండి. పగటి వెలుగులో కాగితానికి రెండు వైపులా ఫొటో తీయండి, వెనకాల పెన్సిలు రాత ఉంటే అదీ వదలొద్దు. ఊరి పేరు, మనిషి పేరు, తెలిసినంతవరకు తేదీ, తెలుగులోనే రాసి పంపండి. అమ్మాయి వచ్చే ఏడు ఎం.ఏ.లో ఇదే విషయం కొనసాగిస్తానంటోంది. అర్థం కాని చేతిరాత వస్తే వాళ్ళ నాన్న ఉన్నాడు, ఆయన తర్వాత నేనున్నాను.

జవాబు రాస్తారు కదూ?

ఎప్పటిలాగే మీ,
కడోదరా టీచరు