పెంకుటింటి వేసవి పని

తొప్పూరులో ఇంటికప్పుకు యేటా రెండు పరీక్షలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి వెళ్ళీ వెళ్ళకముందే అక్టోబరులో ఈశాన్యపు వానలు. ఆ రెంటి నడుమ తెరిపి బహు తక్కువ. అందుచేత ఉగాది వెళ్ళిన తరువాత, వేసవి జల్లులు పడకముందే పెంకులు సర్దించుకోవడం మా ఇంటి ఆనవాయితీ. (రఘునాథ నాయకుడు జగ్గరాయని ఓడించిన తోపూరు ఇది కాదు, అది తిరుచిరాపల్లి వైపున్నది. మాది ధర్మపురికీ సేలానికీ నడుమ, కనుమ దగ్గరి వూరు.)

మా ముందు వసారాకు మంగుళూరు పెంకులు, నడిమింటికి నాటు పెంకులు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టిన తరువాత దేశమంతా వ్యాపించిన సరుకు మొదటిది. దాని అడుగున గడి వుంటుంది గనుక బద్దెను పట్టుకొని కదలదు. నాటు పెంకుకు ఆ పట్టు లేదు, తన బరువుతోనే నిలవాలి. గాలికి, పిల్లులకు, కనుమ దిగివచ్చే కోతులకు జారిపోతూ వుంటుంది.

కప్పు పరీక్షకు ముందుగా నిచ్చెన అక్కరలేదు. మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి లోపల నిలబడితే సందులన్నీ చుక్కల్లా కనబడతాయి. అయితే నీరు సందు కింద నేరుగా పడదు. వాసం వెంట జారి దిగువన యెక్కడో కారుతుంది. మరకను పట్టుకొని పైకి వెతకాలి. చెదల మన్ను కనబడినచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. ఈ యేడు అలా పొడవగా, అమ్మ మంచానికి సరిగ్గా పైనున్న వాసం గోడమీద ఆనేచోట జానెడు మేర పిండి రాలింది.

2024 డిసెంబరు మొదట్లో, ఫెంగల్ తుపాను వానలలో, పక్క జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క రోజున 50 సెంటీమీటర్లు కురిసింది. అటువంటిది మరొకటి వస్తే ఆ వాసం ఆగదు.

పెంకులన్నీ దించి రేకులు వేయిద్దామన్నాడు తమ్ముడు. "ఆ రేకుల కింద వేసవిలో నేను వేగలేనురా, నేనున్నన్నాళ్ళు వుండనీయండి" అన్నది అమ్మ. తమ్ముని మాటా కొట్టివేయదగినది కాదు. నాటు పెంకు సర్దడం తెలిసినవాడు మా యెరుకలో ఒక్క పెద్దాయనే. ఆయనకు డెబ్బై దాటినవి. మనుమడు హోసూరు ఫ్యాక్టరీకి పోతున్నాడు.

చివరకు ఆయననే పిలిపించాము. "అయ్యా, కొస నరికి అతుకు వేయవద్దు, నిండు వాసమే మార్చండి" అన్నాడు. అట్లే మార్చాము. పెంకు నడుమ అడుగు వేయక, కింద వాసమున్నచోటు చూసుకొని ఆయన నడిచే తీరు చూడవలసిందే! వెన్ను మీదికి సిమెంటు వద్దని సున్నమే కలిపించాడు. సిమెంటు బిగిసి పెంకును పగలదీస్తుందట. ఆ సున్నం ఆరి గట్టిపడడానికైనా వానకు ముందు కొన్నాళ్ళు యెండ కావాలి.

పగిలినవాటికి బదులు, పక్క వూరిలో పడగొట్టిన ఇంటి పెంకులు కొన్నాము. మిగిలినవి పెరటి గోడవార పేర్చి వుంచాము. పడమటి వాలు ఇంకా చూడవలసి వున్నది. మోకాలి నొప్పి తగ్గగానే వస్తానన్నాడు పెద్దాయన. ఈసారి తాను నిచ్చెన మీద పక్కనే నిలబడతానన్నాడు తమ్ముడు.