రూపాయి బిళ్లంత వజ్రం

స్పీకరులో వజ్రమా! అందానికి పొదిగిన రాయి కాదండీ, పాట పలికే భాగమే వజ్రం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదంటే కాస్త అతిశయోక్తే గానీ, నా పోరు పడలేక మా ఇంట్లోవాళ్లకు నిద్ర లేదన్నది మాత్రం నిజం.

స్పీకరు పెట్టెలో పైన బుల్లిది ఒకటి ఉంటుంది చూడండి, అదే ట్వీటర్. తాళాల గలగల, గజ్జెల సవ్వడి, గాయని 'స' అన్నప్పటి పదును, అన్నీ దాని పనే. చాలావాటిలో అది 25 మిల్లీమీటర్ల గోపురం, అంతే. పైస్థాయి ధ్వనులకు సెకనుకు 20,000 సార్లు ఊగాలి. ఆ వేగంలో ఒక హద్దు దాటిందా, నడిమి భాగం ఒకవైపు, అంచు ఇంకోవైపు పోతాయి. పాట మానేసి గోపురం సొంత గోల మొదలుపెడుతుంది. ఆడియో పిచ్చివాళ్లు దీన్ని 'బ్రేకప్' అంటారు. అందుకే గోపురం తేలిగ్గా ఉండాలి, వంగనూ కూడదు. రెండు గుణాలూ ఒకేచోట దొరకాలి కదా మరి!

బెరీలియంలో దొరికాయి. పచ్చరాయిలో ఉండే లోహమే ఇది. అల్యూమినియం బరువులో మూడింట రెండు వంతులే, బిగువు మాత్రం నాలుగు రెట్లు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దాలు చేసింది దీంతోనే. 1974లోనే యమహా వాళ్లు ఈ లోహాన్ని శూన్యంలో ఆవిరి చేసి, పొరగా దించి, ఎన్‌ఎస్-1000 స్పీకర్లకు గోపురాలు చేశారట! దీని ధూళి ఊపిరితిత్తులకు విషం కాబట్టి తయారీలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లోని ఫోకాల్ వాళ్లయితే యుటోపియా స్పీకర్లలో గోపురాన్ని తిరగేసి, గిన్నెలా లోపలికి పెట్టారు. బెరీలియం ట్వీటరు మీద చిట్టిబాబు గారి వీణ విన్నాను. మీటు తీగను వదిలిన క్షణం, ఆ తర్వాత వేలు మెట్టు మీద జారిన చప్పుడు, రెండూ విడివిడిగా వినిపించాయి. ఎన్నేళ్లుగానో వింటున్న రికార్డే, ఇన్నాళ్లూ ఇదంతా ఎక్కడ దాక్కుంది?

ఇక వజ్రం. గనిలోది కాదు, కొల్లూరు వజ్రాల కథలు వింటూ పెరిగిన మనం కంగారు పడక్కర్లేదు. మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌లతో మండే ప్లాస్మాగా మార్చి, అందులోని కార్బన్‌ను గోపురం ఆకారపు అచ్చు మీద పొరలు పొరలుగా పేరుస్తారు. ఆ పైన అచ్చు తీసేస్తే గోపురమే వజ్రం! బిగువు అల్యూమినియానికి పదిహేను రెట్ల దాకా. 2005లో బవర్స్ అండ్ విల్కిన్స్ కంపెనీ తన 800 శ్రేణి స్పీకర్లలో దీన్ని పెట్టింది. వాళ్ల లెక్కలో అల్యూమినియం గోపురం 30 కిలోహెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తే, వజ్రం 70 దాకా నిలుస్తుంది. మన చెవి 20 దగ్గరే ఆగుతుంది కదా అంటారా? నిజమే. కానీ అక్కడి గోల నీడ కింది స్థాయిల మీద కూడా పడుతుంది, అది ఎంత దూరంగా జరిగితే అంత మంచిదని నా చెవి తీర్పు.

పట్టుబట్ట సంగతి చెప్పకపోతే పాపం. డైనాడియో వాళ్ల ఎసోటార్ ట్వీటర్ల గోపురం పట్టుబట్టే, దాని మీద పూత. వాళ్లది పూర్తిగా వేరే దారి. వంగకుండా ఆపడం కాదు, వంగినా ఆ కంపనాన్ని బట్టలోనే మింగేయించడం. గొంతుల విషయంలో అది వజ్రానికి ఏమీ తీసిపోలేదు, ధర చూస్తే మరీ ముద్దొస్తుంది.

ఇవన్నీ చదువుతుండగా సీగ్‌ఫ్రీడ్ క్లైన్ అనే ఆవిష్కర్త తగిలాడు. 1950ల నాటికే ఆయన గోపురాన్నే ఎత్తేశాడు. విద్యుత్తుతో అయనీకరించిన గాలే కంపిస్తుంది, అదే ట్వీటర్! బరువు లేదు, వంగడానికి ఏమీ లేదు. ఓజోన్ వాసన వస్తుందట, రానీ. ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే కబురు పెట్టండి, వీణ రికార్డు సంకలో పెట్టుకుని వచ్చేస్తాను.