మూడంగుళాలు

మా అబ్బాయి బండి కొన్నాడంటే కారు కాబోలు అనుకున్నాను. తీరా డెన్వర్‌లో విమానం దిగి చూద్దును కదా, ముందు సగం కారు, వెనక సగం లారీ! టయోటా టకోమా అట. నాలుగు చక్రాలూ లాగుతాయిట. పోనీ వెనక తొట్టిలో ధాన్యం బస్తాలేమైనా వేసుకెడతాడా అంటే అదీ లేదు. నా పెట్టెలు రెండూ వేశాడు, అంతే.

నేను వెళ్ళిన నాలుగో రోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నాడు. "అమ్మా, కాకినాడ ఇల్లు అమ్మేసి ఇక్కడే వుండిపోకూడదూ?"

మావారు పోయి రెండేళ్ళయింది. అంత ఇంట్లో నేనొక్కదాన్నీ. వాడి బెంగ నాకు తెలియకపోలేదు. "చూద్దాంలే" అన్నాను. ఆ "చూద్దాంలే"కి మన భాషలో ఎన్ని అర్థాలున్నాయో మీకు వేరే చెప్పాలా?

ఆ వారంలోనే పెద్ద పెద్ద అట్టపెట్టెలు వచ్చిపడ్డాయి. ఒకటి వాడూ కోడలూ కలిసి పట్టినా కదల్లేదు.

"ఏవిట్రా ఇవి?"

"బండి ఎత్తు పెంచుతున్నానమ్మా. ముందు మూడంగుళాలు, వెనక రెండు."

పిల్లలు ఎత్తు పెరగాలని మొక్కుకున్న తల్లుల్ని చూశాను గాని, బండి ఎత్తు పెంచే తండ్రిని చూడలేదు! ఎందుకురా అంటే, కొండదారుల్లో అడుగుభాగం రాళ్ళకి కొట్టుకోకుండానట. ముందు ఎక్కువ, వెనక తక్కువ ఎందుకంటే, బరువు వేసినప్పుడు సమంగా నిలవాలని ఇలాంటి బళ్ళకి వెనకభాగం పుట్టుకతోనే కాస్త ఎత్తుగా వుంటుందిట.

ఇందులోనూ రకాలున్నాయి సుమండీ. పాత స్ప్రింగు మీదే ఓ లోహపు బిళ్ళ పెట్టి లేపడం ఒకటి. అది చవక. ఎత్తు మడమల జోళ్ళన్నమాట. చట్రాన్ని కదపకుండా పై డొల్లని మాత్రం దిమ్మల మీద లేపడం ఇంకొకటి. అది కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవడంలాంటిది. మనిషి ఎత్తేం పెరగదు, అడుగున రాయి తగిలేచోట తగులుతూనే వుంటుంది. మావాడు ఈ రెండూ కాకుండా స్ప్రింగులూ, కుదుపు పీల్చే గొట్టాలూ, వెనక కమాన్లూ అన్నీ కొత్తవి తెప్పించాడు. ముందు స్ప్రింగుల్ని నొక్కిపట్టి గొట్టాలకి అమర్చడం ప్రమాదమనీ, చెయ్యి జారితే తుపాకీగుండులా ఎగురుతుందనీ, అమర్చినవే కొన్నాడు. ఆ మాత్రం బుద్ధి తండ్రి పోలికే!

శుక్రవారం రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలే నూనె కొట్టి వుంచాడు. ఆ వూళ్ళో చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద మెగ్నీషియం క్లోరైడు జల్లుతారుట. మంచు సంగతేమోగాని, బళ్ళ అడుగున తుప్పు మాత్రం పట్టుకుంటుంది.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు చక్రం నడిమధ్య నుంచి పై రేకు అంచుదాకా టేపుతో కొలిచి, నాలుగుచోట్లా కాగితం అంటించి అంకె రాసుకున్నాడు. పెన్సిలు నోట్లో పెట్టుకుని, ఒక కన్ను మూసి రాస్తుంటే నా గుండె ఎక్కడికో పోయింది. మా కాకినాడ వంటింటి గుమ్మానికి వాడి ఎత్తు గీతలు ఇప్పటికీ వున్నాయి. ప్రతి పుట్టినరోజుకీ మావారు ఇలాగే కన్ను మూసి గీసేవారు. మూడుసార్లు ఇంటికి సున్నాలు వేయించినా ఆ గుమ్మం జోలికి ఎవర్నీ పోనివ్వలేదు నేను.

ఆ మాట వాడితో అనలేదు. "కాఫీ తాగి చెయ్యరా" అన్నాను.

జాకీతో బండి లేపి, చట్రం కింద ఇనపస్టాండ్లు పెట్టాడు. జాకీ లేపడానికేగాని మొయ్యడానికి కాదని నాకే పాఠం చెప్పాడు. నా చిన్నప్పుడు మా వీధి చివర లారీలు బాగుచేసే షెడ్డుండేది. ఓ మధ్యాహ్నం జాకీ జారి, పన్నెండేళ్ళ కుర్రాడి చెయ్యి నలిగిపోయింది. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే వుంది. ఆ తరవాత అక్కడి ముసలి మేస్త్రీ, ఊడదీసిన చక్రాన్ని చట్రం కిందకి తోసిగాని ఎవర్నీ లోపలికి దూరనిచ్చేవాడు కాదు. బండి జారినా చక్రం మీద ఆగుతుంది.

"చక్రాలు కింద పెట్టు" అన్నాను.

"స్టాండ్లున్నాయి కదమ్మా!"

"పెడితేనే నువ్వు దూరేది."

నా మొహం చూసి మారుమాట్లాడకుండా పెట్టాడు. రెండు టన్నుల ఇనుము కింద కన్నకొడుకు పడుకుని వుంటే, బయట మిగిలిన ఆ రెండు కాళ్ళనీ చూస్తూ కూర్చోవడం ఎలాంటిదో ఏం చెప్పను!

ఊరికే కూర్చోలేక ఊడిన బోల్టులు కలిసిపోకుండా సర్దడానికి ఇడ్లీ రేకులు తెచ్చాను. ఒక్కో గుంటలో ఒక్కోచోటివి. పని బ్రహ్మాండంగా సాగిందిగాని, కోడలు వచ్చి చూసి, "అత్తయ్యా! నా రేకులు!" అని నెత్తి కొట్టుకుంది. మర్నాడు మేం ఉప్మా తిన్నాం.

వెనక కమాన్లు చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం జట్కాబండి కమాన్లే! పైన పొడుగు పట్టీ, దాని కింద ఒకదాన్ని మించి ఒకటి పొట్టిగా. ఇరుసుకి వాటిని కట్టివుంచే వంపు బోల్టులు మాత్రం కొత్తవి వెయ్యాలిట. ఒకసారి బిగించినవి సాగిపోతాయిట. చిత్రమేవిటంటే, ఇంతా చేసినా వెనక ఇరుసు మధ్యనున్న గుమ్మడికాయలాంటి ఉబ్బు అంగుళమైనా లేవదు. అది లేవాలంటే చక్రాలే పెద్దవి కావాలి. "మరెందుకురా ఈ తద్దినం?" అంటే నవ్వాడు.

రెండోరోజు సాయంత్రానికి అన్నీ ఎక్కించాడు. ఎక్కించాడుగాని కొన్ని బోల్టులు వదులుగానే వుంచాడు. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగించేస్తే, నేలమీద దించగానే లోపలున్న రబ్బరు మెలిపడి, నాల్రోజుల్లో చిరిగిపోతుందిట. చక్రాలు నేలకానాలి, బరువు పడాలి, ఎవరి చోట వాళ్ళు సర్దుకోవాలి, అప్పుడు బిగించాలి. మా అత్తగారికి ఈ సంగతి తెలిసుంటే నా కాపరం మొదటి ఏడాది ఇంకోలా వుండేదేమో!

దించి, బిగించి, మళ్ళీ కొలిచాడు. ముందు మూడంగుళాలు, వెనక రెండు. మొహం వెలిగిపోయింది. బ్రేకు గొట్టాలు లాక్కుపోతున్నాయేమోనని చక్రాలు ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూశాడు. ముక్కు లేచింది కదా, దీపాల వెలుగు ఎదటివాళ్ళ కళ్ళలో పడకుండా కిందికి దించాడు. సోమవారం షాపులో చక్రాల వరస సరిచేయించాడు. ఎత్తుబండి మలుపుల్లో తూలుతుంది కనక నెమ్మదిగా తోలాలని నేనడక్కుండానే అన్నాడు.

"రా అమ్మా, ఎక్కు!"

వెళ్ళాను. తలుపు తీశాడు. లోపలున్న పిడి పట్టుకున్నాను. కాలెత్తాను. మోకాలు రానంది. ఇంకోసారి ఎత్తాను. ఊహూఁ. వారం కిందట ఎలాగో ఎక్కిన బండే ఇది.

వాడి మొహం చూడాలి మీరు! కొలతలన్నీ తీసుకున్నవాడికి అమ్మ మోకాలు కొలవాలని తోచలేదు. ఎప్పటికీ ఇక్కడే వుండిపొమ్మన్న నోటితోనే, నేను ఎక్కలేని బండి తయారుచేసుకున్నాడు. నాకూ చివుక్కుమంది. లేదంటే అబద్ధం.

"పక్కమెట్లు దొరుకుతాయమ్మా, ఇవాళే తెప్పిస్తాను. నాకసలు..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. గాజుగ్లాసు పగలగొట్టినప్పుడు అయిదేళ్ళవాడికి అలాగే అయ్యేవి.

కోడలు మాట్లాడకుండా లోపలికెళ్ళి వంటింటి మడతపీట పట్టుకొచ్చింది. ఒక చెయ్యి దాని భుజం మీదా, ఒక చెయ్యి వాడి భుజం మీదా వేసి ఎక్కాను. పైనుంచి చూస్తే అవతలివీధి ఇళ్ళ దొడ్లు కూడా కనిపిస్తున్నాయి. బాగానే వుంది సుమా అనిపించింది, పైకి అనలేదు.

"వచ్చేవారం లేక్ సిటీ వెడదామమ్మా. అక్కణ్ణించి సిన్నమన్ పాస్ అని కొండదారి, పన్నెండువేల అడుగుల పైమాటే. పాత గనులవాళ్ళు వదిలేసి వెళ్ళిన వూరొకటుంది, చూపిస్తాను."

"ఎంత దూరం?"

"రానూపోనూ అయిదువందల మైళ్ళపైనే. మంచిదే. అయిదువందలు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ బిగించి చూడాలి. కొత్తలో కాస్త వదులవుతాయి."

"అయితే ఇల్లు సంగతీ అప్పుడే చెప్తాలే" అన్నాను.

వాడు తలూపి బండి తీశాడు. మడతపీట నా కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను. దిగాలి కదా!